స్థూలకాయము – ప్రజాకర్తవ్యము

కూర్చుండి తినిన కొండలైనను కరగునని మన పెద్దలు చెప్పిరి. అది ధనమును గూర్చిన మాట. దేహము విషయమున కూర్చుండి తినుటవలన కొండలు పెరుగుచున్నవి. బొజ్జ భాగ్యచిహ్నమని మురిసిన కాలము గతించినది. మధుమేహమునకును, రక్తపుపోటునకును, హృద్రోగమునకును అది ద్వారమని వైద్యులు నిశ్చయించియున్నారు. అయినను ఇతరుల బొజ్జను పరిహసించుట, తన బొజ్జను మఱచుట – ఈ రెండు పద్ధతులే మనలో నేటికిని కానవచ్చుచున్నవి.

2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో ఎత్తునకు తగిన మేర మించిన బరువుగలవారు దేశమున నూటికి 24 మంది; తెలంగాణమున 30 మంది; ఆంధ్రప్రదేశమున 36 మంది. పురుషులలోను ఈ రెండు రాష్ట్రములు దేశపు సరాసరిని మించియేయున్నవి. మన స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదనియు ఆ సర్వేయే తెల్పుచున్నది. పొట్ట నిండియు పోషణ కొఱవడిన దురవస్థ యిది.

తిండిపోతుతనమును సోమరితనమును దీనికి కారణములని తీర్పు చెప్పువారు లండను బస్సుల వృత్తాంతమును వినవలయును. జెర్రీ మోరిస్ అను ప్రజారోగ్య పరిశోధకుడును ఆయన సహచరులును అచ్చటి రవాణాసంస్థలోని సుమారు 31,000 మంది పురుషుల ఆరోగ్యమును పరిశీలించి, 1953లో 'లాన్సెట్' పత్రికయందు ఫలితములను ప్రకటించిరి. రెండంతస్తుల బస్సులో డ్రైవరు దినమెల్ల కూర్చుండును. కండక్టరు టిక్కెట్లకై మెట్లెక్కుచు దిగుచుండును. హృద్రోగము కండక్టర్లకంటె డ్రైవర్లకే హెచ్చుగ వచ్చుచున్నట్లు కనబడెను. తిరిగి ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులకును, బల్లకడ కూర్చుండు గుమాస్తాలకును నడుమ ఇట్టి భేదమే కానవచ్చెను. పిమ్మట 1956లో సంస్థవారు సిబ్బందికి కుట్టించి యిచ్చిన దుస్తుల లెక్కలు తిరుగవేయగా, డ్రైవర్ల నడుము కొలత కండక్టర్లదానికంటె పెద్దదని తేలెను. లావైనవారే డ్రైవరు పనిలో చేరుచున్నారేమో యను శంక పుట్టెను. ఆ శంక నిరాధారము కాదు. కాని నడుము కొలత సమానముగ నున్నవారిని పోల్చి చూచినను కండక్టర్లే మేలుగ నుండిరని తేలినది.

ఆ కండక్టరు ఆరోగ్యమునకై మెట్లెక్కలేదు. వ్యాయామముపై ఉపన్యాసములు విని యెక్కలేదు. ఆతని పనియే ఆతనిని నడిపించెను. మన దినచర్య మనలను కూర్చుండబెట్టుచున్నది. పొలమున ట్రాక్టరు, గట్టువఱకు మోటారుసైకిలు, పట్టణమున లిఫ్టు, వీథి మొగమున చక్కెర పానీయము. సౌకర్యములు వలదనుట మా యుద్దేశము కాదు. కాని నడువదలచినవానికి బాట యేది? కాలిబాటలను దుకాణములును బండ్లును ఆక్రమించుచున్నవి. ఇంటిపని ముగించిన గృహిణి చీకటిపడిన పిమ్మట నిర్భయముగ నడచుటకు దీపములుగల వీథి యేది? ఆటస్థలము లేని పాఠశాలలో బాలుడెచట పరుగెత్తును?

1986లో కెనడాలోని ఒట్టావా నగరమున సమావేశమైన అంతర్జాతీయ సభ, ఆరోగ్యాభివృద్ధి వైద్యశాఖ యొక్కదాని భారము కాదనియు, ఆరోగ్యకరమైన మార్గమే జనులకు సులభమైన మార్గమగునట్లు చేయవలయుననియు ప్రకటించెను. మన దేశమునను కొవ్వు, చక్కెర, ఉప్పు మిక్కుటమైన పదార్థములను పాఠశాల ద్వారమునకు 50 మీటర్ల లోపల విద్యార్థులకు విక్రయింపరాదని 2020లో నిబంధన వెలువడినది. నిబంధన కాగితముపై నున్నంతమాత్రమున బాలుని చేతిలోని పొట్లము మారదు. ఆ 50 మీటర్లను కొలిచి చూచు బాధ్యతను పురపాలక సభ్యులును పంచాయతీ పెద్దలును వహింపవలయును.

తమ పాలనలోని కాలిబాటలను పాదచారులకు విడిపించుట పురపాలకసంఘముల విధి. బడి ప్రక్కన కొలది సెంట్ల భూమిని ఆటస్థలమునకై విడుచుట భూవసతిగల గృహస్థుల శక్తికి మించినది కాదు. వివాహపు విందులలో వడ్డనను మితపఱచుట మనయందఱి చేతిలోని పని. ఇవి జరిగిననే గాని ఆరోగ్యమును గూర్చి యెన్ని సభలు చేసినను ఫలము శూన్యమని మా నిశ్చితాభిప్రాయము. పొరుగువాని బొజ్జను చూచి నవ్వుటకంటె ఆతడు నడచుటకొక బాట వేయుట మేలు.