మిరపకాయ ధరయు మన కళ్ళమును



మన మిరపకాయకు గుంటూరు యార్డులో ధర కట్టుచున్నారని మనము తలంచుచుందుము. నిజమునకు ఆ ధర చాలవఱకు సముద్రముల కావలనే నిర్ణయమగుచున్నది. చీనా వర్తకులు తేజ రకమును విరివిగా కొనిన యేడు బేరగాడు మన కళ్ళమునకే వచ్చును. కొనని యేడు టిక్కీలు శీతల గిడ్డంగులలో మ్రగ్గును. 2023లో క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికిన సరకు 2025 మొదట దాదాపు సగమునకు పడిపోయెను. అప్పుడు కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2.43 లక్షల టన్నుల వఱకు ఆదుకొందుమని ప్రకటించెను. ఆపదలో ఆ సహాయము మేలే. కాని మందు అన్నము కానేరదు. ధర పడినపుడెల్ల చేయి చాచుట ప్రాంతాభివృద్ధి యనిపించుకొనదు.

ఇట్టి కష్టమే పూర్వము డెన్మార్కు రైతులకును వచ్చెను. 1870 తరువాత అమెరికా, రష్యా దేశముల ధాన్యము ఐరోపా రేవులలో చౌకగా వచ్చి పడగా, వారి ధాన్యమునకు గిరాకి తగ్గెను. కొన్ని దేశములు సుంకముల గోడలు కట్టుకొనెను. డెన్మార్కు రైతులు మాత్రము ఆ చౌకధాన్యమునే పశువులకు మేపి, వెన్న అమ్మసాగిరి. 1882లో హ్యెడింగు అను పల్లెలో వారి మొదటి సహకార పాలకేంద్రము వెలసెను. పది యావులవాని పాలును, రెండావులవాని పాలును ఒక్క యంత్రముననే పడెను. వెన్న యంతయు నొక్క తీరున వచ్చెను. ప్రభుత్వము పాడిప్రయోగములకు ధనమిచ్చెను. 1901లో కొమ్ముబూర బొమ్మ గల లూరు ముద్రను ఉమ్మడి గుర్తుగా నమోదు చేయించిరి. ఇంగ్లాండులో వెన్న కొనిన యిల్లాలు పండించిన రైతు నెఱుగదు. ఆ ముద్రను నమ్మెను.

మనకును ముద్ర లేకపోలేదు. గుంటూరు సన్నమునకు భౌగోళిక గుర్తింపు కలదు. దానిని నిలుపుకొను నడవడియే కొఱతగా నున్నది. 2003లో మనదేశపు కారములో సుడాన్ అను రంగు బయటపడగా, పరీక్షాపత్రము లేని సరకును రానీయమని ఐరోపా సమాఖ్య ఆ యేడే శాసించెను. మైనములకు, పాలిషులకు వాడు ఆ రంగును కలిపినవారు కొందఱు. అనుమానము పడినది అందఱిపైన. బూజు వలన పుట్టు అఫ్లటాక్సిన్ విషము ఎండుమిరపలో కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదని కూడ అచటి నిబంధన. ఆ బూజునకు మొదలు తఱచుగా మన కళ్ళమే: ఆరీయారని కాయ, తడినేల, బరువునకై టిక్కీపై నీళ్ళు చల్లు చేయి.

ఇందు నా తప్పును ఒప్పుకొనుచున్నాను. ఎకరమునకెన్ని క్వింటాళ్ళని యేండ్లతరబడి బోధించితినే గాని, కాయ యెంత తేమతో యార్డు చేరినదని యడిగినవాడను గాను. ఒక యేడు నా మాట విని యొక సభ్యుడు పట్టాలపై చక్కగ నెండబెట్టి, తాలుకాయ లేరి, సరకు తోలుకొని పోయెను. ప్రక్కవాని తడికాయకు పలికిన ధరయే వానికిని పలికెను. "అయ్యా, ఎండబెట్టినందుకు నాకు తూకం తగ్గింది. ఆ నష్టం ఎవరిస్తారు?" అని అతడడుగగా నాయొద్ద జవాబు లేకపోయెను.

ఎవరికి వారే యమునాతీరే యన్నట్లు అమ్ముకొనుచున్నంతకాలము ఆ ప్రశ్నకు జవాబుండదు. సంఘమే సభ్యుల సరకును చేర్చి, తేమ నూటికి 10, 11 పాళ్ళకు మించలేదని కొలిచి, తరగతులుగ వేఱుపఱచి, పరీక్ష చేయించి, ఒక్క గుర్తుతో అమ్మినచో, మంచి కాయకు మంచి ధర నడుగగల బలము కలుగును. ప్రభుత్వములును రహదారులు, రేవులతోనే సరిపెట్టుకొనక, పల్లెలలో ఆరబెట్టు చప్టాలకును, అందుబాటులో పరీక్షశాలలకును సొమ్ము వెచ్చింపవలెను. ప్రపంచముతో పోటీకి పునాది అచటనే పడును.

కావున వచ్చు కోతకు ముందే సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములు చేయుదము: సంఘమునకొక తేమకొలత యంత్రము కొనుట, నీళ్ళు చల్లిన టిక్కీని, అది అధ్యక్షునిదైనను, సంఘము కాటాపై ఎక్కింపకుండుట. ప్రభుత్వము నడుగుటకు మనకు హక్కు కలదు. మన కళ్ళమును చక్కబెట్టుకొని యడిగినచో ఆ హక్కునకు బలము హెచ్చును.