లెక్కలు క్లౌడ్‌లో, తాళం మన చేతిలో

ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల దుకాణమైనా, ఊళ్లో రైసుమిల్లయినా ఖాతాలన్నీ గుమస్తా ముందున్న ఒక్క కంప్యూటర్‌లోనే ఉండటం మామూలే. బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్ కూడా అదే బల్ల సొరుగులో పడి ఉంటుంది. హార్డ్‌డిస్క్ పాడైనా, రాన్సమ్‌వేర్ సోకినా రావలసిన బాకీల చిట్టా గల్లంతే.

ఏటా 5 కోట్ల టర్నోవర్ దాటిన సంస్థలు సాటి వ్యాపారులకు చేసే అమ్మకాలపై 2023 ఆగస్టు 1 నుంచి జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ తప్పనిసరైంది. లెక్కలు ఆన్‌లైన్‌కు ఎక్కక తప్పని వేళ, సొంత సర్వర్ కొనే స్తోమత లేనివారికి నెలవారీ అద్దెకు దొరికే క్లౌడ్ మేలైన దారే. ఆ సదుపాయం దూరంలోనూ లేదు: 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ (డేటా కేంద్రాల సముదాయం) తెరిచింది.

అయితే చవకని చెప్పగానే సంతకం పెట్టేయకూడదు. వాడకాన్ని బట్టి బిల్లు పెరుగుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్ అమ్మిన ఏజెంటు దగ్గరే ఉండిపోతే, యజమాని తన లెక్కల కోసం అతని చుట్టూ తిరగాలి. సేవ మానుకుంటే డేటాను ఏ రూపంలో, ఎన్నాళ్లలో తిరిగిస్తారో ముందే రాయించుకోవాలి. లాగిన్‌కు ఓటీపీ, వేరేచోట మరో కాపీ ఉండి తీరాలి. జిల్లా పరిశ్రమల కేంద్రాలు, వర్తక సంఘాలు కలిసి తెలుగులో నమూనా ఒప్పందం తయారుచేసి ఇవ్వాలి. రాయితీల ప్రకటనలకంటే చిన్న వ్యాపారికి అదే ఎక్కువ అండ.