మన బుర్రల్ల లోపం లేదు, పాఠంల ఉన్నది



మెదక్ టౌన్‌ల హాస్టల్‌లో ఉండి కంప్యూటర్స్ డిగ్రీ చదువుతున్న తండా పిల్లలం మేము. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. సీ లాంగ్వేజ్‌ల స్ట్రింగ్స్ చాప్టర్ రాంగనే "ఇది మీతోని కాదు, పాస్ మార్కులకు బట్టీ పట్టుండ్రి" అనే మాట వింటున్నం. ఆ మాటకే ఈ జవాబు.

సీలో స్ట్రింగ్ అంటే వరుసగా పేర్చిన బైట్లు, చివరన ఒక సున్నా. స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ ఆ సున్నా దొరికేదాకా నింపుకుంట పోతది. అవతలి అరే ఎంత పెద్దదో అది అడగదు. పది బైట్ల అరేలో పదిహేను పోస్తే పక్కనున్న మెమరీ ఖరాబైతది. ఇందులో మనకు అర్థం కానిది ఏమున్నది? కుంచంల ఎన్ని మానికలు పడతయో చదువురాని మన అమ్మలకు తెల్వదా?

గెట్స్ సంగతి ఇంకా ఘోరం. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ కంప్యూటర్లల్లకు దూరిన సందుల్లో ఒకటి ఇదే. ఫింగర్ సర్వర్‌ల 512 బైట్ల బఫర్‌ను గెట్స్ హద్దు చూడకుండ నింపింది. 2011 సీ ప్రమాణం నుంచి గెట్స్‌ను తీసేసిన్రు. మా ల్యాబ్‌ల మాత్రం ఇప్పటికీ 1990ల నాటి టర్బో సీ, రికార్డు బుక్కుల అదే గెట్స్. మరి వెనుకబడ్డది ఎవరు?

స్ట్రింగ్ ఎన్ కాపీ వాడితే చాలని ఇంకొందరంటరు. ఇచ్చిన హద్దు మొత్తం నిండితే అది చివరి సున్నా పెట్టదని ఎందుకు చెప్పరు?

తెలుగులో "మెదక్" రాస్తే కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కు మ, ఎత్వం, ద, క, పొల్లు అని ఐదు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు. స్ట్రింగ్ లెన్ 15 అంటది, సున్నాతో కలిపి 16 కావాలె. పుస్తకంలోని పది బైట్ల అరేలో మనముండే ఊరి పేరే పట్టదు! గోర్ బోలీని తెలుగు లిపిలో రాసుకునే మనకు ఈ లెక్క అందరికంటే ఎక్కువ అవసరం.

మేము అడుగుతున్నది దయ కాదు. ల్యాబ్‌ల జీసీసీ పెట్టుండ్రి. గెట్స్ బదులు సైజు చెప్పి వాడే ఎఫ్‌గెట్స్ నేర్పుండ్రి. ప్రోగ్రాం ఎందుకు కూలిందో మా భాషల, మా ముందట చూపెట్టుండ్రి.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, బట్టీ బంద్ చేయుండ్రి. ప్రతి ఫంక్షన్ దగ్గర ఒక్కటే అడుగుండ్రి: "సార్, సైజు ఎవరు చూస్తున్నరు?"