వెలుగు వేరు, తెలుపు వేరు

మా అక్క కూతురికి ఆరేళ్లు. రంగు మా అమ్మది, నాది. అంటే మర్యాదకు చామనఛాయ అంటామే, దానికన్నా ఒక పాలు ఎక్కువ నలుపు. ఆ మధ్య బడిలో గుర్తింపు కార్డు కోసం ఫొటో అడిగారని దగ్గర్లోని ఒక స్టూడియోకు తీసుకువెళ్లారు. వచ్చిన ఫొటోలో ముఖం మైదాపిండి బొమ్మలా ఉంది. చెవులూ మెడా మాత్రం అసలు రంగులోనే మిగిలిపోయాయి. స్టూడియో కుర్రవాడు కంప్యూటరు మీద అంతవరకే తుడిచి ఊరుకున్నట్టున్నాడు. ఇంట్లో అందరూ బాగుందన్నారు. పిల్ల మాత్రం దాన్ని చాలాసేపు చూసి, నా దగ్గరకు వచ్చి, "మావయ్యా, బళ్లో నేను ఇలా ఉండాలా?" అని అడిగింది.

అప్పుడు నేనేమీ చెప్పలేకపోయాను. చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను.

ఫొటోగ్రఫీ నాకు వృత్తి కాదు, ఇరవయ్యేళ్లుగా వదలని వ్యసనం. ఈ ఇరవయ్యేళ్లలో పిల్లల ఫొటో సరిగ్గా రాకపోతే "పిల్ల రంగు తక్కువ" అన్నవారినే చూశాను గాని, "అక్కడ వెలుగు బాగోలేదు" అన్నవారిని అరుదుగా చూశాను. తప్పు వెలుతురుది, శిక్ష చర్మానిది. మనం వెలుగునూ తెలుపునూ ఒకటే అనుకుంటున్నాం. మన ఇళ్లలో పిల్లల ఫొటోలు చెడడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం.

కెమెరాకు రంగుల గురించి స్వతహాగా ఏ జ్ఞానమూ లేదు. ఎదురుగా ఉన్నదంతా సగటున ఒక నడిమి బూడిదరంగు అనుకుని దానిలోని మీటరు లెక్క కడుతుంది. సున్నం కొట్టిన గోడ ముందు, తెల్ల గౌను తొడిగి నల్లపిల్లను నిలబెడితే, వెలుగు ఎక్కువైందనుకుని మొత్తాన్ని చీకటి చేస్తుంది, ముఖం బొగ్గవుతుంది. అదే పిల్ల ముఖాన్ని దగ్గరగా, ఫ్రేమంతా నిండేలా తీస్తే, చీకటి ఎక్కువైందనుకుని వెలుగు పెంచుతుంది. నిగనిగలాడే ముఖం విబూది పూసినట్టు పాలిపోతుంది. ఈనాటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గాని, అన్నిసార్లూ కాదు. ముఖం మీద వేలు పెట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కాస్త పైకో కిందికో జరపడం మన చేతిలో పనే. ఆ ఒక్క పని చేసేవారు నూటికి ఎందరున్నారో!

ఇక్కడొక పిడకల వేట. ఫిల్ము రోజుల్లో ప్రింట్లలో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ సంస్థ ల్యాబులకు ఒక నమూనా ఫొటో పంపేది. అందులో ఉండేది తెల్లజాతి యువతి. మొదటి మోడల్ పేరు మీదుగా వాటికి షర్లీ కార్డులని పేరు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు లెక్క. తక్కినవారి చర్మం ఎలా వచ్చినా అది వారి ఖర్మ. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీని మీద ఒక వ్యాసం ప్రచురించింది. ముదురు గోధుమరంగు ఛాయలు ఫిల్ములో సరిగ్గా పలకడం లేదని కొడాక్ మీద ఒత్తిడి తెచ్చినవారిలో చాక్లెట్ల తయారీదారులు, చెక్కసామాను వ్యాపారులు ఉన్నారట! మనిషి ముఖం కన్నా బల్లకు ముందు న్యాయం దొరికిందన్నమాట. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనుతో 'రియల్ టోన్' పేరిట ఈ లోపాన్ని దిద్దే ప్రయత్నం చేసింది. దేశాంతరాల్లో యంత్రాన్ని దిద్దుతుంటే, మనం మాత్రం ఫిల్టరు పెట్టి పిల్లను దిద్దుకుంటున్నాం.

యంత్రం లోపం ఉన్నా మంచి వెలుగు చాలావరకు కాపాడుతుంది. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఇంగ్లండు దక్షిణాన వైట్ ద్వీపంలో, అద్దాలు బిగించిన కోళ్ల గూటిని స్టూడియోగా మార్చుకుంది. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్లను తీసి, అదే తన తొలి విజయమని రాసుకుంది. విద్యుద్దీపం లేదు, పగటి వెలుగు, దాన్ని ఎటునుంచి రానివ్వాలో తెలిసిన కన్ను, అంతే.

కోళ్ల గూడు మాట ఎందుకు, మా తాతగారి మండువా ఇల్లే ఉంది. నాలుగువైపులా వసారా, నడుమ ఆకాశం. ఎండ నేల మీద పడుతుంది, వెలుగు వసారాలోకి వస్తుంది. పిల్లలను తీయడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. మండువా లేనివారికి గుమ్మమైనా ఉంటుంది. దీపాలన్నీ ఆర్పేసి, గుమ్మానికి రెండడుగుల లోపల పిల్లను కూర్చోబెట్టండి. వెలుగు ఒక పక్కనుంచి ముఖం మీదుగా జారాలి. రెండు కళ్లలోనూ గుమ్మం ప్రతిబింబం చిన్న మెరుపుగా కనిపిస్తే చోటు కుదిరినట్టే. నీడ మరీ ముదిరితే రెండో పక్కన తెల్ల పంచె ఒకటి పట్టుకోమనండి. నల్లని చర్మం మీద ఈ పక్కవెలుగు చేసే పని చూసి తీరాలి. తెల్లచర్మం మీద ముఖం ఆకారాన్ని చెప్పేది ఎక్కువగా నీడ. మన రంగు మీద చెప్పేది మెరుపు. చెక్కిలి ఎముక, ముక్కు దూలం, పై పెదవి అంచు, నూనె రాసిన జుట్టు, ఒక్కొక్కటీ దాని మెరుపుతో అదే తేలుతుంది. దాని మీద పౌడరు అద్దడమంటే ఆ మెరుపును చెరిపేయడమే. ఎదురుగా ఫ్లాష్ కొట్టడమూ అంతే.

వేపచెట్టు కింద అందంగా ఉంటుందని చాలామంది తీసుకెళతారు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖాన్ని చిరుతపులిని చేస్తుంది, ఆకుల పచ్చదనం చెంపల మీదికి దిగుతుంది. చెట్టునీడ అంచుకు జరగడం మేలు. వేసవి మధ్యాహ్నం అసలే వద్దు. సూర్యుడు నడినెత్తిన ఉంటే కళ్లు రెండూ గుంటలవుతాయి. సంక్రాంతి నాళ్లలో సూర్యుడు మిట్టమధ్యాహ్నమైనా దక్షిణానికి వాలే ఉంటాడు గనుక, ఉత్తరపు గుమ్మంలో రోజంతా మెత్తని వెలుగు.

పిల్లలు కదులుతారు, షట్టరు సెకనులో 250వ వంతుకు తగ్గకుండా చూసుకోవాలి. దానివల్ల ఫొటోలో కాస్త గరుకు వచ్చినా నాకు బాధ లేదు. "నవ్వు, నవ్వు" అని వెంటపడితే వచ్చేది పళ్లే గాని నవ్వు కాదు. నేలమీద కూర్చుని, వాళ్ల కళ్ల ఎత్తులో కెమెరా పెట్టుకుని, ఊరుకోవాలి. నాకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

పండక్కి మా మేనకోడలిని ఆ ఉత్తరపు గుమ్మంలోనే తీశాను. చేతిలో సగం తిన్న అరిసె, ముఖంలో నవ్వేమీ లేదు, నన్ను మరిచిపోయి పెరట్లో దేన్నో చూస్తోంది. రంగు దాని రంగే. చూసి, "అమ్మమ్మలా ఉన్నాను" అంది. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి అందరికీ చూపించింది. మా అక్క కూడా చాలాసేపు చూసింది. "బాగుందిరా," అని, కాసేపు ఆగి, "కొంచెం తెల్లగా చెయ్యలేవూ?" అంది. చెయ్యనన్నాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

బడి కార్డు మీద ఇప్పటికీ ఆ పిండిబొమ్మే ఉంది. వచ్చే జూన్‌లో కొత్త కార్డు ఇస్తారట.