ఇంటికి రాని సెలవు

ఉద్యోగమును సంసారమును తూకముగా నడుపుకొనుట యెట్లని నేడు పత్రికలయందును సభలయందును ఉపదేశములు బహుళముగా వినవచ్చుచున్నవి. వేకువనే లేవుడు, వ్యాయామము చేయుడు, ఇల్లు చేరిన పిదప ఆఫీసు మాట తలపెట్టకుడు, భార్యాబిడ్డలతో కలసి భుజింపుడు: ఇదియే యా యుపదేశముల సారము. ఉపదేశించువారు పగటివేళ పనిచేసి సాయంకాలమునకు ఇల్లు చేరువారు. వినవలసినవాడో, రాత్రి యెనిమిదింటికి డ్యూటీకెక్కి మరునాటి ప్రొద్దున దిగువాడు. కుమారుడు బడికి బయలుదేరు వేళకు వాడు గడప త్రొక్కును. కుమారుడు ట్యూషను ముగించుకొని వచ్చు వేళకు వాడు బూట్లు తొడుగుకొనుచుండును. తూకమునకు త్రాసు కావలయును గదా! ఆ త్రాసు వాని చేతిలో లేదు. డ్యూటీ చార్టు వ్రాయువాని చేతిలో నున్నది. ఈ యొక్క మాట చెప్పక తక్కినవన్నియు చెప్పుట కపటమని నా యభిప్రాయము.

మా పాతబస్తీలో రాత్రి యనునది పేరునకు మాత్రమే. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో శిశువులు వేళ చూచుకొని జన్మింపరు. మూసీ కావలి యొడ్డున ఉస్మానియా ఆసుపత్రికి గాయపడినవారు తెల్లవారిన పిదపనే రావలయునను నియమము లేదు. మహాత్మాగాంధీ బస్సు నిలయమునకు దూరప్రాంతపు బస్సులు అర్ధరాత్రము దాటియు వచ్చుచునే యుండును. రంజాను మాసమున చార్మినారు చుట్టునుండు అంగళ్లలో తెల్లవారుజాము వరకు బేరము సాగును. ఈ ప్రతి దీపము క్రిందను నిద్ర మానుకొన్న మనుష్యుడొకడు కలడు. ఈ పనులను నిలిపివేయవలెనని యెవ్వరును కోరుట లేదు. రాత్రి కొలువు తప్పదు. కాని యే రాత్రి యెవరి వంతో ముందునాటి వరకు తెలియకుండుట తప్పనిది కాదు. వారమునకొక దినము సెలవిచ్చి, దానిని బిడ్డలు బడిలోను భార్య పనిలోను ఉండు ఏ బుధవారమునాడో పడవేయుటయు తప్పనిది కాదు. నా వివాదమంతయు ఈ రెంటిపైననే.

ఇందులకు సాక్ష్యమును దూరమున వెదుకనక్కరలేదు. 2024 అక్టోబరు మాసమున తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పసిబిడ్డలను చంకనెత్తుకొని రోడ్ల మీదికి వచ్చిరి. డిచ్‌పల్లిలో వచ్చిరి, సిరిసిల్లలో వచ్చిరి, నల్లగొండ దగ్గర అన్నెపర్తిలో వచ్చిరి. ఈ బెటాలియన్ల జవానులు మా బస్తీవారికి క్రొత్తవారు కారు. బోనాలకు, మొహర్రమునకు, వినాయక నిమజ్జనమునకు మా వీథుల మలుపులలో గంటలతరబడి నిలుచుండు వారిని మేము ప్రతి యేడు చూచుచునే యున్నాము. ఊరివారి పండుగలన్నిటికి కావలి కాయువానికి తన యింటి పండుగ మాత్రము కంటబడదు. బెటాలియను ఒక జిల్లాలో, కాపురము వేరొక చోట, బందోబస్తు మూడవ చోట: ఇదియే వాని సంసారము. సెలవుల క్రమమును మార్చిన ఉత్తరువొకటి వెలువడగా అప్పటివరకు ఓర్చుకొన్న యిల్లాండ్రకు ఓర్పు తీరెను. వారు ప్రధానముగా కోరినది జీతపు పెంపుదల కాదు. 'ఏక్ పోలీస్' అని నినదించిరి. అనగా పోలీసు శాఖయంతయు ఒక్కటిగా చేసి, తక్కిన పోలీసులవలె తమ భర్తలను కూడ ఒక చోటనుంచి పని చేయింపుడని కోరిరి. పిదప జవానులును తమ బెటాలియన్లలో నిరసన తెలిపిరి. ఫలమేమి? 39 మంది సస్పెండు చేయబడిరి. 10 మంది కొలువునుండియే తొలగింపబడిరి.

యూనిఫారము తొడిగినవాడు వీథికెక్కరాదు, క్రమశిక్షణ చెడునందురేని, ఆ మాటను నేను త్రోసివేయను. పోలీసుల హక్కులను పరిమితము చేయు చట్టమొకటి 1966 నుండి మన దేశమున కలదు. దాని ప్రకారము వారు అనుమతి లేనిదే సంఘము కట్టరాదు. ఆయుధము చేతనున్నవానికి కొన్ని కట్టుబాట్లుండుట న్యాయమే. అయితే ఒకని నోటికి తాళము వేసినవారు వాని కష్టమును తామే అడిగి తెలిసికొనవలసిన బాధ్యతను కూడ నెత్తినెత్తుకొన్నవారగుదురు. అది మరచినందుననే, చట్టము తాళము వేయజాలని నోరు, అనగా భార్య నోరు, పలికినది. మగవాని కష్టమును ఆడుది చెప్పవలసి వచ్చిన దినమున సిగ్గుపడవలసినవారు ఆ యిల్లాండ్రు కారు.

ఇది యొక రాష్ట్రపు సంగతియు కాదు. కేంద్రప్రభుత్వపు పోలీసు పరిశోధన సంస్థ కోరగా మన నగరములోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీవారే 2014లో దేశమందలి పోలీసు స్టేషనుల పనిగంటలను పరిశీలించిరి. స్టేషను సిబ్బందిలో నూటికి దాదాపు 90 మంది దినమునకు 8 గంటలకు మించి పనిచేయుచున్నారని తేలినది. తమ సిబ్బందికి నెలకొక్క వారాంతపు సెలవైనను దొరకుట లేదని చెప్పిన అధికారులు నూటికి 70కి మించిరి. బెల్లావిస్టా భవనమున కూర్చుండి వ్రాసిన యీ నివేదిక పదేండ్లలో పాతబస్తీ వరకు నడచి రాలేకపోయెను. నడుమనున్న దూరమెంత? పట్టుమని పది మైళ్లు లేదు!

వారమునకొక దినము సెలవను మాట మన దేశపు శ్రామికులకు ఎవరును దానముగా పెట్టినది కాదు. బొంబాయి మిల్లులలో నారాయణ మేఘాజీ లోఖండే యనునాయన సంవత్సరములకొలది పోరగా 1890 జూన్ 10వ తేదీన మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు సమ్మతించిరి. ఆదివారమనగా అందరికిని ఆదివారము. అన్న పనిచేయు మిల్లును, తమ్ముడు పనిచేయు మిల్లును ఒకేనాడు మూతపడెను. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థవారు పరిశ్రమల విషయమై వ్రాసిన వారాంతపు విశ్రాంతి ఒడంబడికయందు, సాధ్యమైన చోటులనెల్ల ఆ సెలవు సిబ్బందికందరకు ఒక్కసారిగా నీయవలెననియు, ఆ దేశపు ఆచారము చొప్పున విశ్రాంతి దినముగా నున్న దినముతో కలియునట్లు చూడవలెననియు నియమించిరి. భారతదేశము 1923లో దానికి సమ్మతి తెలిపినది. పోలీసులకును ఆసుపత్రులకును ఆ యొడంబడిక వర్తింపదని నేనెరుగుదును. కాని అందులోని వివేకము వర్తింపకపోవుటకు కారణము కనబడదు. ఇరువదినాలుగు గంటలు నిద్రించుటకు మాత్రమే సెలవైనచో ఏ దినమైనను ఒకటే. తనవారితో కూడియుండుటకైనచో ఆ తనవారికిని సెలవుండవలయును గదా!

ఈ సత్యమును తెలిసికొనుటకు రష్యావారు పెద్ద మూల్యమునే చెల్లించిరి. 1929లో అచ్చటి ప్రభుత్వము యంత్రములు ఒక్క దినమైనను ఆగరాదను తలంపుతో వారమును రద్దుచేసి ఐదు దినముల చక్రమును పెట్టెను. పనివారిని ఐదు తెగలుగా విభజించి యొక్కొక్క తెగకొక రంగు గుర్తునిచ్చిరి. నాలుగు దినములు పని, ఐదవ దినము సెలవు. లెక్కకు చూచిన పూర్వముకంటె సెలవులు పెరిగినవి! కాని భర్తది పసుపుపచ్చ, భార్యది ఎరుపు. వాడింట నున్ననాడు ఆమె కార్ఖానాలో, ఆమె యింట నున్ననాడు వాడు కార్ఖానాలో. సెలవు పెరిగి సంసారము తరిగెను. జనులు మొరపెట్టుకొనిరి, యంత్రములును విశ్రాంతి లేక చెడిపోసాగెను. 1931లో ఆ పద్ధతిని సడలించి అందరికి సెలవు కలియు ఆరు దినముల చక్రమునకు మారిరి. 1940లో మరల ఏడు దినముల వారమునకే వచ్చిరి. అంత బలముగల రాజ్యమునకే చేతకానిదానిని మనవారు చడిచప్పుడు లేక సాధించుచున్నారు. రంగు కాగితములు మాత్రము పంచలేదు.

మన పూర్వులు ఇంతకంటె తెలివిగలవారు. పాఠశాలలలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి మొదలగు తిథులు అనధ్యయనములు. గురువునకును శిష్యునకును ఒకేనాడు విడుపు. అమావాస్యనాడు అరక కట్టని పల్లెలు నేటికిని కలవు. అనగా ఎద్దులకు సైతము తోడి ఎద్దులతో కలసి సెలవుండెను. నిజాము కాలమున ఈ నగరపు కచేరీలకు శుక్రవారము సెలవు. ఆ పాలన పోయిన పిదప ఆదివారమాయెను. దినము మారినను, అందరికిని ఒకటే దినమను సూత్రము మారలేదు. ఇప్పుడు చార్టులో సోమవారము సెలవు పడిన కానిస్టేబులును చూడుడు. బహదూరుపురాలోని జంతు ప్రదర్శనశాల సోమవారము మూసియుండును. పోనీ శుక్రవారము పడినదా? సాలార్జంగు మ్యూజియమునకు శుక్రవారము సెలవు. అవి తెరచియున్నను చూపించుటకు బిడ్డలేరి? వారు మా తరగతులలో కూర్చుండి ఎక్కములు వల్లించుచుందురు. ప్రగతి పత్రములపై తండ్రి సంతకముండవలసిన చోట వ్రేలు తడబడుచు తల్లి చేసిన సంతకములెన్నింటినో నా యుద్యోగమున చూచితిని. ఆ తండ్రులు బాధ్యత లేనివారని మా ఉపాధ్యాయులలోనే కొందరనుకొందురు. వారిలో పలువురు ఆ వేళ ఎక్కడనో వాహనములను నిలుపుచుందురు, లేక బస్సు నడుపుచుందురు.

ఇక ప్రభువుల సమాధానమేమి? అత్యవసరములు చెప్పి రావు, కనుక చార్టు ముందుగా వ్రాయుట సాధ్యము కాదందురు. అగ్నిప్రమాదము చెప్పి రాదు, నిజమే. అల్లరియు చెప్పి రాదు. కాని మా పాతబస్తీ బందోబస్తులో పెద్దవి చెప్పియే వచ్చును. అంతేకాదు, ఉగాదినాడే చెప్పును! ఆషాఢమున గోలకొండతో బోనాలారంభమై సికిందరాబాదు మీదుగా లాల్‌దర్వాజ చేరునని పంచాంగము కొన్నవారందరు ఎరుగుదురు. బాలాపూరు గణపతి చార్మినారు ముందునుండి అనంత చతుర్దశినాడు పోవును. బీబీ కా ఆలం ఊరేగింపు మొహర్రము పదవనాడు దబీర్‌పురానుండి చాదర్‌ఘాట్ వైపు సాగును. చంద్రదర్శనమును బట్టి ఒక దినము అటునిటు కావచ్చును, అంతే. ఏడాది ముందుగా తెలిసిన పండుగను ఆకస్మిక విపత్తువలె చూపి, ముందునాటి రాత్రి ఫోనులో సెలవు రద్దుచేయుట అత్యవసరము కాదు, అలసత్వము. తగినంత మందిని నియమింపక ఉన్నవారిచేతనే ఇద్దరి పని చేయించుట దీనికి మూలము. సెలవునకు బదులు సొమ్మిత్తుమను మాటయు కలదు. బిడ్డ జ్వరముతో పడియున్న రాత్రి ఆ సొమ్ము ప్రక్కన కూర్చుండి తడిగుడ్డ వేయునా?

ఆంధ్రప్రదేశములో 2019 జూన్‌లో పోలీసులకు వారాంతపు సెలవును ప్రవేశపెట్టిరి. ఉత్తరువు మంచిది. అయితే మనుష్యులను పెంచని యుత్తరువు కాగితముపై ఎంత కాలము నిలుచునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు అధికారులను నిందించితిని. మన యిండ్ల సంగతి మాత్రము ఎత్తకుండుట పక్షపాతమగును. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మగవానికి తలుపులు మూసి, తెరలు దించి, పిల్లలను ప్రక్కింటికి పంపి నిద్ర కల్పింతురు. అదే రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సునకు? ఆసుపత్రి వాకిలి దాటి ఆమె తిన్నగా పొయ్యి దగ్గరకు పోవలయును. పగలు పండుకొన్న కోడలు మన భాషలో సోమరిపోతు. రాత్రి పని దేహమునకు హానికరమని, కాన్సరు కలిగించుటకు అవకాశము కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధకులు 2007లో చెప్పి, 2019లో మరల చెప్పిరి. మన అత్తగార్లకు ఆ వార్త చేరలేదు; మగలకు చేరినను వినలేదు. 2019 డిసెంబరులో ఆర్.టి.సి. సమ్మె ముగిసిన పిదప, స్త్రీలకు రాత్రి 8 గంటల తరువాత డ్యూటీ వేయరాదని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించిరి. రక్షణ నిమిత్తము అది యుచితమే. కాని కండక్టరు తల్లియైనచో ఎనిమిదింటికి ఇల్లు చేరవలయునని తోచినవారికి, డ్రైవరు తండ్రియైనచో వానికొరకును ఒక బిడ్డ ఎదురుచూచుచుండునని తోచలేదు. తండ్రి లేని సాయంకాలమును మన సంఘము లోపముగా లెక్కింపదు. అందుచేతనే దానిని పోగొట్టుకొన్నవాడు కూడ అడుగుటకు సిగ్గుపడును, వాని భార్య వీథికెక్కి యడుగవలసి వచ్చును.

2025 జూలైలో మన రాష్ట్రప్రభుత్వము వాణిజ్య సంస్థలలో దినమునకు 10 గంటల వరకు పని చేయించుకొనవచ్చునని ఉత్తరువిచ్చినది. వారమునకు 48 గంటలు మించినచో అదనపు వేతనమీయవలెనను కంచెయు వేసినది. గంటలను లెక్కించు చట్టములు మనకు చాలినన్ని కలవు. 1948 నాటి కారిఖానాల చట్టమును, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమును 2025 వరకు అమలులో నుండెను. గంటల లెక్కతో సరిపెట్టక కోరవలసినవి రెండు. ప్రతి నెల చార్టు ముందు నెల 20వ తేదీలోపల గోడకంటింపబడవలయును; అటుపిమ్మట మార్చిన అధికారి కారణమును తన చేతితో వ్రాసి సంతకము చేయవలయును. నెలకు రెండు సెలవులైనను బడిపిల్లల సెలవు దినమున పడవలయును. అవి వంతు చొప్పున అందరికి తిరుగవలయును. పోలీసు, ఆసుపత్రి, బస్సు డిపో, రాత్రియెల్ల అమెరికావారి ఫోనులకు సమాధానము చెప్పు కుర్రవాండ్ర కంపెనీ, ఏదియు మినహాయింపు కారాదు. దీనికి ధనమెక్కువ పట్టదు. ఈ యేటి పంచాంగమును, బడుల సెలవుల పట్టికను పెట్టుకొని కూర్చుండినచో మా బస్తీలోని ఏ గుమాస్తాయైనను ఒక పూటలో ఏడాది చార్టు వ్రాయగలడు.