పొగరెవరిది?

“వయసు పొగరు” అని తీర్పు చెప్పి మన పెద్దలు చేతులు దులుపుకుంటారు. శాస్త్రం చెప్పేది వేరు. కౌమారంలో మెదడు చెడిపోవడం లేదు. తన్ను తాను తిరిగి కట్టుకుంటున్నది. నాడీకణాల నడుమ వాడని లంకెలను తెంచి, వాడేవాటిని గట్టిపరుస్తున్నది. ఉద్రేకానికి స్పందించే భాగాలు ముందు చురుకెక్కుతాయి. నిగ్రహాన్నీ ముందుచూపునూ నడిపే నుదుటి వెనుక భాగం 25 యేళ్ల దాకా పదునెక్కుతూనే వుంటుంది. నిద్రపట్టే వేళ సైతం వెనక్కి జరుగుతుంది.

మరి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో యీ మెదడుకు మనమేమిస్తున్నాం? కలిగిన రైతు బిడ్డను ఇంటర్మీడియట్ హాస్టల్లో వేసి తెల్లవారకముందే గంట కొట్టి లేపుతాం. కూలి బిడ్డను పరీక్షల కాలంలోనే మిరపకోతకు తోలుతాం. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ 14 నిండినవారికి ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం, ఘోర నేరమైతే 16 నిండినవారిని పెద్దలుగా విచారించవచ్చునన్నది. కూలికీ శిక్షకూ పెద్దవాళ్లు. నోరు విప్పితే మాత్రం పసివాళ్లు!

వివేకం ఉపదేశాలతో రాదు. తానుగా నిర్ణయించి, తప్పి, దిద్దుకునే అవకాశంతో వస్తుంది. నిద్రా, చదువూ, మాటా దక్కనివ్వని సమాజానికి పిల్లల పొగరును తిట్టే హక్కెక్కడిది?