మైనస్ 196 మోసే మనిషి

గేదె ఎదకొచ్చిందని కబురందగానే గోపాలమిత్ర బండేసుకుని బయల్దేరతాడు. వెనక సీటుకు తాళ్లతో బిగించిన అల్యూమినియం క్యాన్. మూత తీయగానే గుప్పున తెల్లటి పొగ! పిల్లలు చుట్టూ మూగేది దానికోసమే. ఖమ్మం పల్లెల్లోనే కాదు, భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్లలోనూ ఈ క్యాన్ చాలామంది చూసిందే. ఇంతకీ ఆ పొగ నైట్రోజన్ కాదండోయ్. చలికి మంచుతుంపరగా మారిన గాలిలోని తేమ. నైట్రోజన్ కంటికి కనిపించదు.

క్యాన్ లోపల ద్రవ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు. అందులో సన్నటి వీర్య నాళికలు. ఒక్కోదాంట్లో పావు మిల్లీలీటరు. చూసుకోవడానికి నాళికను మెడ దాటి పైకెత్తి, కబుర్లలో పడి పది సెకన్లు ఉంచారంటే దానికి నూకలు చెల్లినట్టే. మళ్లీ ముంచినా ఫలితం ఉండదు. చెడిందని పైకి తెలియదు కూడా! రైతుకు తెలిసేది 21 రోజుల తర్వాత, గేదె మళ్లీ ఎదకొచ్చినప్పుడు. అప్పటికి అన్ని రోజుల మేత, ముందు రావాల్సిన పాలు... అన్నీ నష్టమే.

సరిగ్గా ఇదే భయంతో పనిచేసేవాళ్లు ఇంకొకరున్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు శాస్త్రవేత్తలు! ఆ మైక్రోస్కోపు లోపల గాలి ఉండదు. తడి నమూనా పెడితే నీరంతా క్షణంలో ఆవిరైపోతుంది. గడ్డకట్టిద్దామా అంటే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. ఫ్రీజర్‌లో నిండుగా నీళ్లు పోసి పెట్టిన సీసా పగలడం చూశారుగా, అలాగన్నమాట. వీర్యానికైతే గ్లిసరాల్ కలిపి కాపాడతారు. మైక్రోస్కోపు నమూనాకు మాత్రం వేగమే రక్ష. స్ఫటికం కట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా చల్లబరిస్తే నీరు గాజులా బిగుసుకుపోతుంది. 1980ల మొదట్లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జాక్ డుబోషే బృందం దీన్ని సాధించింది. 2017లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. 2020 ఆరంభంలో కరోనా వైరస్ కొమ్ముల ఆకారం అంత త్వరగా తేలిందీ ఈ పద్ధతితోనే.

పనిముట్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మూడు మిల్లీమీటర్ల రాగి జల్లెడ బిళ్ల, పట్టుకోవడానికి పట్టకారు. బిళ్ల మీద చిన్న బొట్టు వేసి, అద్దుడు కాగితంతో ఒత్తి, పట్టకారుతో సహా చటుక్కున ద్రవ ఈథేన్‌లోకి జారవిడుస్తారు. నేరుగా నైట్రోజన్‌లోనే ముంచొచ్చుగా అంటారా? కాలిన పెనం మీద నీటిచుక్క ఆవిరి పొర మీద తేలుతూ పరుగెత్తుతుందే, నైట్రోజన్‌లోనూ అలాంటి పొరే అడ్డొచ్చి చల్లబడటం ఆలస్యమవుతుంది.

ఆ తర్వాతే అసలు తంటా. బిళ్లను డబ్బాలోకి, అక్కణ్నుంచి మైక్రోస్కోపు కాడ మీదికి మార్చేదాకా అంతా చలిలోనే సాగాలి. సుమారు మైనస్ 140 దాటి వేడెక్కితే గాజునీరు స్ఫటికమైపోతుంది. గాలి తగిలితే తేమ మంచై అంటుకుంటుంది. మన వానాకాలపు ముసురులో అయితే మరీనూ. అందుకే నోటికి మాస్కు కట్టుకుంటారు. పట్టకార్లను తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఆరబెడతారు! బెంగళూరులోని జాతీయ కేంద్రంలో కోట్ల విలువైన యంత్రమున్నా, ఫలితం తేల్చేది పట్టకారు పట్టిన చేయే.

వాళ్లకు ఏసీ గది, తేమ కొలిచే మీటరు ఉంటాయి. మన గోపాలమిత్రకు గతుకుల రోడ్డు, మే నెల ఎండ. పనితనంలో ఎవరు తక్కువని అడిగితే నేను మాత్రం చెప్పలేను.

ఒక జాగ్రత్త. లీటరు ద్రవ నైట్రోజన్ దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. క్యాన్ మూత వదులుగా ఉండేది అందుకే. ఆవిరి పోతోందని గట్టిగా బిగిస్తే పేలే ప్రమాదముంది. కారులో తీసుకెళ్తే అద్దాలు దించాలి, లేకుంటే లోపల ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఇక క్యాన్‌లో నైట్రోజన్ ఎంతుందో చూడాలంటే పొడి కర్రపుల్ల ముంచి తీసి గాల్లో ఆడిస్తారు. మంచు ఎంతవరకు తెల్లగా పట్టిందో అంత ఉన్నట్టు. ఈసారి మీ పశువుకు సూది వేయించే ముందు ఆ పుల్ల చూపించమని అడగండి.